మార్తమ్మ అత్త నేర్పిన ధైర్యం

పోయిన నెల నా ఎడమ కంటికి శుక్లం తీశారు. బల్ల మీద పడుకోబెట్టి, ముఖం మీద పచ్చగుడ్డ కప్పే ముందు, పక్కనున్న నర్సు నా వేళ్ళు పట్టుకుని, "భయమైతాందా అవ్వా? నేనీడ్నే ఉంటాలే, చెయ్యి ఇడ్చను" అంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో ఆ పిల్లకు. నా జీవితమంతా ఆసుపత్రుల్లోనే గడిచింది. కత్తి అన్నా నెత్తురన్నా నాకు కొత్త కాదు. ఆ మాటే కొత్త. భయమైతాందా అని చిన్నప్పుడు నన్నెవరూ అడగలేదు. పెద్దయ్యాక నేనూ ఎవరినీ అడగలేదు. గుడ్డ కింద ఉన్న కాసేపూ నాకు బళ్ళారి దగ్గర మోక గ్రామంలోని మా మార్తమ్మ అత్త ఇల్లే కళ్ళ ముందు మెదిలింది. అప్పటినుంచి ఇది రాయాలని కూర్చుంటున్నాను, లేస్తున్నాను.

మా నాయన బళ్ళారిలో మిషను బడి పంతులు. నాకు పదకొండో ఏడు నడుస్తుండగా విషజ్వరంతో పోయాడు. అమ్మ పాలు తాగే తమ్ముణ్ణి తీసుకుని ఆదోనిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి కుదిరింది. అక్కడ ఒక్క బిడ్డను వెంట ఉంచుకోనిచ్చారు, ఇద్దర్ని ఒప్పుకోలేదు. నన్ను నాయనకు అక్క అయిన మార్తమ్మ అత్త తీసుకుపోయింది. నేను అప్పట్లో మహా పిరికిదాన్ని. ఇంటికెవరైనా వస్తే అమ్మ కుచ్చిళ్ళలో ముఖం దాచుకునేదాన్ని. బావిలోకి తొంగి చూడాలంటే భయం. కుక్కంటే భయం, గేదె అంటే భయం, అంగడికి పోయి ఉప్పు అడగాలన్నా భయం. నాయన అది చూసి నవ్వేవాడు, ఎత్తుకునేవాడు. అత్త నవ్వలేదు. బస్సు దిగి ఇంటికి నడుస్తూ నేను ఆమె కొంగు పట్టుకుంటే, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, "నీ చేతులు నీకాడ పెట్టుకో. నాకు పనుండాది" అంది.

అత్త పెళ్ళి చేసుకోలేదు. మిషను దొరసానుల దగ్గర కాన్పుల పని నేర్చుకుని, సర్టిఫికెట్టు అద్దం కట్టించి గోడకు వేలాడదీసుకుంది. ఊరు ఏ రాష్ట్రంలోకి పోతుందోనని పెద్దలు అరుగుల మీద వాదులాడుకునే రోజులవి. అత్తకు అదేమీ పట్టేది కాదు. కన్నడం వాళ్ళ ఇంట్లో కన్నడం, తెలుగు వాళ్ళ ఇంట్లో తెలుగు, సాయిబుల ఇంట్లో వాళ్ళ మాట. కన్నడం వాళ్ళు మంత్రసానిని సూలగిత్తి అంటారు. ఎవరైనా ఆమెను ఆ మాటతో పిలిస్తే మాత్రం గిర్రున తిరిగి, "నేను సదువుకున్న నర్సును" అనేది. తెల్లచీర, నూనె పెట్టి బిగదువ్విన జుట్టు, చిన్న అంగలు. ఎంత ఎండలోనైనా గొడుగు వేసుకోదు. ఆమెకున్న ఒకే ఒక్క అలవాటు నశ్యం. ప్రార్థన చేసుకునే మనిషి నశ్యం పీలుస్తుందని ఊరికి తెలియకూడదని, గోడవైపు తిరిగి పీల్చేది. ఊరందరికీ తెలుసు.

ఆ ఇంటికి వాసనలు రెండే. ఒకటి ఫినాయిలు, రెండోది పెనం మీద కాలే జొన్నరొట్టె. పొద్దున ప్రార్థన అయ్యాక ఒక పొయ్యి మీద రొట్టెలు, రెండో పొయ్యి మీద సత్తుగిన్నెలో కత్తెర, నూలుదారం, గుడ్డముక్కలు మరుగుతుండేవి. ఏ గిన్నె ఏ పొయ్యిదో పొరబాటు పడితే వీపు మీద దెబ్బ పడేది. మధ్యాహ్నం బెల్లం కాఫీ. సాయంత్రం ఉతికిన గుడ్డలు ఎండలో ఎన్ని గంటలున్నాయని నన్ను అడిగేది. నేను తప్పు చెబితే మళ్ళీ మరగబెట్టించేది. అత్త అరవదు. మెల్లగా మాట్లాడుతుంది, మెల్లగానే కొడుతుంది. అరిచే మనుషుల దగ్గర ఎప్పుడు తప్పుకోవాలో పిల్లలకు తెలుస్తుంది. ఆమె దగ్గర తెలిసేది కాదు.

వారం తిరక్కముందే నా భయాల మీద పని మొదలుపెట్టింది. వీధి చివర గౌడ ఇంట్లో మజ్జిగ పోస్తారు. ఆ ఇంటి గుమ్మంలో రెండు కుక్కలు, దూడలంతేసి ఉండేవి. చెంబు ఇచ్చి పంపింది. నేను సగం దూరం పోయి, గోడ చాటున కాసేపు నిలబడి తిరిగొచ్చాను.

"ఒట్టి చెంబుతో వస్తివేందే?"

"కుక్కలుండాయత్తా."

"ఉంటే?"

"కరుస్తాయి."

"కరిస్తే ఏమైతాది?"

అత్త రొట్టె తడుతూనే, తల ఎత్తకుండా, "పో. మజ్జిగ ల్యాకుండా వస్తే ఈ గడప తొక్కేది ల్యాదు" అంది. ఆ పూట నేను గడప బయటే కూర్చున్నాను. మర్నాడూ అంతే. మూడో రోజు ఆకలికి తట్టుకోలేక గౌడ ఇంటి గుమ్మం దాకా పోయాను. నాలుగో రోజు లోపలికి అడుగుపెట్టాను. కుక్క పిక్క పట్టుకుంది.

అత్త నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. కాలు తొట్టి మీద పెట్టించి, గాయాన్ని సబ్బుతో రుద్ది రుద్ది, బిందెలు బిందెలు నీళ్ళు పోసింది. నేను అరుస్తుంటే ఇరుగుపొరుగు వచ్చి చూశారు. బళ్ళారి పెద్దాసుపత్రికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, అప్పుడు నెమ్మదిగా చెప్పింది. "ఇంక భయపడేదానికి ఏం మిగిలిందే? కరుస్తాదని కదా ఏడిస్తివి. కరిచేసె. అయిపాయె. సచ్చిపోయినావా?"

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. మూడు రోజులు అత్త వెంట వచ్చింది. నాలుగో రోజు పొద్దున చీటీ చేతికిచ్చి, "ఎవరికో కాన్పు నొప్పులంట. నువ్వే పోయిరా" అంది. పదకొండేళ్ళ పిల్లను ఒక్కదాన్నే బస్సు ఎక్కించింది. కడుపు వాచి గట్టిపడిపోయి ఉండేది. జనం నెట్టుకుంటుంటే రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుని నిలబడేదాన్ని. ఎవరి మోచేయి తగిలినా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. తొమ్మిదో రోజో పదో రోజో ఇక ఓర్చుకోలేక, నాకు తెలియని ఒక పెద్దమనిషిని, పత్తి మూట మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాయనను, "ఏమప్పా, నాకు పొట్టంతా సూదులేసినారు, రవ్వంత తావిస్తావా?" అని అడిగాను. ఆయన గబుక్కున లేచి చోటిచ్చాడు. అంతకు ముందు నేను పరాయివాళ్ళతో ఒక్క ముక్క మాట్లాడి ఎరుగను. ఇంటికి పోయి చెబితే అత్త "ఊఁ" అంది. ఆ ఒక్క "ఊఁ" కోసం నేను ఏమైనా చేసేదాన్నని ఆ రోజే తెలిసింది. గౌడ ఇంటికి మజ్జిగకు మళ్ళీ పోయాను. ఈసారి కుక్కలు మొరిగినా నడక ఆపలేదు. గర్వంగా ఉండింది. ఆ గర్వం సంగతి చెప్పకపోతే అత్త గురించి నేను రాసేది సగం అబద్ధమవుతుంది.

ఆ తరువాత మూడేళ్ళలో బావిలోకి దిగాను, పాము పడిన గదిని ఊడ్చాను, అత్త సంచీ మోస్తూ ఆమె వెనక ఎన్నో ఇళ్ళకు పోయాను. కాన్పు గదిలోకి మాత్రం రానిచ్చేది కాదు. వేడినీళ్ళు గుమ్మం దాకా అందించి బయట కూర్చునేదాన్ని. అట్లా కూర్చున్న అరుగుల మీదే నాకు హనుమక్క పరిచయమైంది. మా వెనక వీధి కన్నడం వాళ్ళ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. అత్తగారు కునుకు తీసే వేళ మా ఇంటికొచ్చి కొంగులోంచి వేరుశనక్కాయలు తీసి నా ఒళ్ళో పోసేది. నెల తప్పినప్పుడు మొదట నాకే చెప్పింది. నెలలు నిండాక నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టి, "నీనూ బర్తీ అల్లా?" అని అడిగింది, నువ్వూ వస్తావు కదా అని. వస్తానన్నాను.

ఆ ఏడు వానలు ముంచెత్తాయి. బళ్ళారి దారిలో వంక పొంగి బస్సులు నిలిచిపోయాయి. సరిగ్గా అప్పుడే హనుమక్కకు నొప్పులు వచ్చాయి. ఒక పగలూ ఒక రాత్రీ గడిచినా బిడ్డ కదల్లేదు. మర్నాడు పొద్దెక్కాక అత్త గుమ్మంలోకి వచ్చి నన్ను లోపలికి రమ్మంది. వేపాకు పొగతో గది నిండిపోయి ఉంది. హనుమక్క పెదాలు పగిలి తెల్లబడ్డాయి. బిడ్డ అడ్డం తిరిగి, ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది. నా బొటనవేలంత చెయ్యి, నీలంగా. అత్త తన కుడిచేతి వేలికి కట్టిన గుడ్డను చూసుకుంది. కట్టెలు విరుస్తుంటే ముల్లు గుచ్చుకుని, గోరుచుట్టు లేచి, వేలంతా చీము పట్టి నాలుగు రోజులైంది.

"ఎస్తేరూ, చేతులు కడుక్కో. మోచేతుల దాంకా. గోళ్ళు తీసేయ్."

"ఏమిటికత్తా?"

"లోపల బిడ్డ కాలు పట్టుకొని తిప్పల్ల. నేను చెప్తా, నువ్వు చేస్తావు."

"నేనొల్లనత్తా. నాకు భయమైతాది."

చెంప మీద దెబ్బ పడింది. ఆ దెబ్బ కూడా మెల్లగానే, లెక్కగా పడింది. "నీకు భయమైతాది. దాని మొగం చూడు. నా యేలు చీము పట్టుండాది. ఈ చెయ్యి పెడితే జరమొచ్చి మూడు దినాలకు సస్తాది. ఎడమ చేత్తో నాకు రాదు. ఏ చెయ్యీ పెట్టకుంటే మాపుకే సస్తాది. ఏది కావాల్నో చెప్పు."

నాకప్పటికి పద్నాలుగు నిండాయి. చేతులు కడుక్కున్నాను. అత్త ఎడమచేత్తో పొట్ట మీద పైనుంచి నొక్కుతూ, నా చెవి దగ్గర నోరు పెట్టి చెబుతూ పోయింది. పాఠం చెప్పినట్టు, తొందర లేకుండా. "ఏం తగుల్తాండాది? వేళ్ళా? చెయ్యో కాలో తెలియాల. మడమ ఉండాదా చూడు. చేతికి మడమ ఉండదు. మడమ దొరికితే అదే కాలు." హనుమక్క మొదట అత్తను బతిమాలింది, తరువాత దేవుణ్ణి పిలిచింది, చివరికి నన్ను పిలిచింది. "బిడే ఎస్తేరూ, నన్న బిడే." నన్ను వదలవే అని. ఆ గొంతు ఏ తలుపు వేసినా ఆగే గొంతు కాదు. నేను తల తిప్పి అత్తను చూశాను. అత్త తల అడ్డంగా ఊపింది. నేను వదల్లేదు. వేళ్ళ కొనలకు చిన్న గుండ్రటి మడమ తగిలింది. "దొరికిందత్తా" అన్నాను.

బిడ్డ బయటికి వచ్చాడు. ఏడవలేదు. అత్త తలకిందులుగా పట్టుకుని తట్టింది, నోట్లో నోరు పెట్టి ఊదింది, మళ్ళీ తట్టింది. చాలాసేపటికి ఆపి, గుడ్డలో చుట్టి, నా చేతుల్లో పెట్టింది. హనుమక్క నెత్తురు ఆపే పనిలో పడుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"తీసకపోయి సూపించు. నువ్వు తీసినావు, నువ్వే చెప్పు."

"అత్తా, నువ్వు చెప్పత్తా."

"పోతావా, పోవా?"

అరుగు మీద హనుమక్క అత్తగారు, మగవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. ముసలామె ఆశగా లేచి, "గండో హెణ్ణో?" అంది, మగా ఆడా అని. "గండు" అన్నాను. ఆమె చేతులు చాచింది. అప్పుడు మిగతాది చెప్పాను. "సత్తోగైతి," చచ్చిపోయిందని. ఆమె ముందు గుడ్డ తొలగించి చూసింది. తరువాత నా రెండు చెంపలూ వాయించింది. పిల్లముండ చేత చెయ్యి పెట్టించి నా మనవణ్ణి చంపించిందని కన్నడంలో అరుస్తూ, జుట్టు పట్టుకుని వంచింది. నా చేతుల్లో బిడ్డ ఉన్నందువల్ల అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి లేదు. పడేస్తానేమోనని బిడ్డనే గట్టిగా పట్టుకున్నాను. మగవాళ్ళు చూస్తూ ఉన్నారు. తల ఎత్తితే గుమ్మంలో అత్త నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో తెలియదు. ఇంకో రెండు దెబ్బలు పడ్డాక, "సాలు అవ్వా. నీ కోడలు బతికుండాది. పోయి నోట్లో నీళ్ళు పొయ్యి" అంది.

ఇంటికి వచ్చాక నా ముందు రొట్టె పెట్టింది. తిని వాంతి చేసుకున్నాను. అదంతా నాతోనే కడిగించి మళ్ళీ రొట్టె పెట్టింది. తను గోడవైపు తిరిగి నశ్యం డబ్బా తీసింది. మూత ఎంతకీ రాలేదు. వచ్చేసరికి డబ్బా చేతిలోంచి జారి, నశ్యమంతా నేల పాలైంది. ఆమె చేతిలోంచి ఏదైనా జారిపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు జాలి కలగలేదు. బాగా అయిందనుకున్నాను.

హనుమక్క బతికింది. ఆ తరువాత ఇద్దరు బిడ్డల్ని కన్నది. కానీ వీధిలో నేను ఎదురైతే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని అవతలి పక్కకు తప్పుకునేది. వేరుశనక్కాయలు లేవు, మాటల్లేవు. ఆమె ప్రాణం నిలబెట్టానని ఊళ్ళో పదిమంది అన్నారు. ఆమెకు గుర్తున్నది మాత్రం వదలమంటే వదలని నా చెయ్యి.

మిషను వాళ్ళు నన్ను నర్సు చదువుకు పంపారు. మొదటిసారి ఆపరేషను గదిలో తోటి పిల్లలు కళ్ళు తిరిగి పడిపోతుంటే నేను నిటారుగా నిలబడ్డాను. డాక్టర్లకు నేనంటే నమ్మకం. కాలిపోయిన ఒళ్ళయినా, నలిగిపోయిన కాలయినా ఎస్తేరును పిలవమనేవారు. సెలవులకు మోకకు పోయినప్పుడు ఒకసారి ధైర్యం చేసి అత్తను అడిగాను. అప్పటికి ఆమె కళ్ళు సరిగా కనబడేవి కావు.

"అత్తా, ఆ దినం బిడ్డను నా చేత ఎందుకు మోయిస్తివి? కాన్పంటే సరే, వేరే దోవ ల్యాదు. చెప్పేది నువ్వు చెప్పుండొచ్చు కదా?"

"నాకు భయమైతాండె" అంది అత్త. "ఎప్పుడూ భయమే నాకు, ఆ చెప్పేటప్పుడు. నీకైనా పోతాదని సూస్తి."

ఆ జవాబుకు నేను కోపం తెచ్చుకుని ఉండాలి. తెచ్చుకోలేదు. నాకైనా పోయింది కదా అనుకున్నాను. ఆ ముక్కను నా జీవితానికి గొప్ప బహుమతిగా భావించి దాచుకున్నాను. దాని ఫలితం ఇంకొక పిల్ల మీద పడింది.

అత్త పోయిన కొద్ది రోజులకే నాకు ఒక ఆసుపత్రిలో నర్సు పిల్లలకు పని నేర్పే ఉద్యోగం వచ్చింది. ఆ ఏటి పిల్లల్లో తాయమ్మ అని ఒకతె ఉండేది. సిరుగుప్ప దగ్గర కెంచనగుడ్డ ఆమె ఊరు. సన్నటి పిల్ల, తుంగభద్ర ఒడ్డున పుట్టి పెరిగింది, ఈత వచ్చు, చెట్లెక్కడం వచ్చు. సూది వేయడంలో ఆమె చెయ్యి అంత తేలికైన చెయ్యి నేను చూడలేదు. ఒక్కటే లోపం, శవమంటే భయం. వార్డులో ఎవరైనా పోతే మెట్ల కింద దాక్కునేది. "నాకు ఇదొక్కటి ఇడిచిపెట్టండి సిస్టర్. మిగతా ఏం పని చెప్పినా చేస్తా" అని నా చేతులు పట్టుకుంది. నేను ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను.

ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన పోయాడు. శవాన్ని వార్డు చివరి చిన్నగదిలో పెట్టించి, తాయమ్మను నీళ్ళు, గుడ్డలు ఇచ్చి లోపలికి పంపి, బయట గడియ వేశాను. మొదట తలుపు కొట్టింది. "సిస్టర్, తీయండి సిస్టర్, మీ కాళ్ళు మొక్కుతా" అంది. ఆ తరువాత వాళ్ళమ్మను పిలిచింది. నేను తలుపు బయట కుర్చీ వేసుకుని చార్టులు రాసుకున్నాను. కాసేపటికి అరుపులు ఆగిపోయాయి. ఇంక భయం పోయిందనుకున్నాను. నాకు అట్లాగే పోయింది కాబట్టి, ఎవరికైనా అట్లాగే పోతుందనుకున్నాను. తలుపు తీస్తే పని అంతా పూర్తయి ఉంది. ఒళ్ళు తుడిచి, దవడ కట్టి, దుప్పటి మూలలు నేను నేర్పినట్టే మడిచింది. తను గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. "చూస్తివా? ఏమన్నా అయిందా నీకు?" అన్నాను. మెచ్చుకోలుగానే అన్నాను. ఆమె నన్ను చూసింది, మాట్లాడలేదు. ఆ పూటా మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. అన్నం పెడితే చేతిలో ముద్ద పట్టుకుని అలాగే కూర్చునేది. ఇంటికి కబురు చేశారు. అన్న వచ్చి తీసుకుపోయాడు.

వారం తరువాత ఆమె తల్లి పెట్టె తీసుకుపోవడానికి వచ్చింది. నా గది కిటికీలోంచి ఆమెను చూశాను. కాళ్ళకు చెప్పుల్లేవు, నల్లరేగడి మన్ను పిక్కల దాకా ఎండిపోయి ఉంది. ఆయాతో అంటున్న మాటలు వినబడ్డాయి. "పెట్టెకు ఏం తొందరల్యాదమ్మా. మా పిల్లకు ఏమాయెనో సిస్టరమ్మను అడిగి పోతా. వాళ్ళన్న అడిగితే నోరు తెరవదు. ఊరికే గోడ దిక్కు సూస్తాంటాది. సిస్టరమ్మ దానికి శానా నేర్పిస్తాందని జాబులో రాసినాది. ఆమెకు తెలిసుంటాది."

ఆయా లోపలికి వచ్చి చెప్పింది. లేనని చెప్పమన్నాను. "వచ్చేదాంకా ఉంటానంటాంది సిస్టర్" అంది. ఉండనీ అన్నాను. ఆమె పొద్దు వాలి ఆఖరి బస్సు వేళయ్యేదాకా వరండాలో పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది. నేను గది లోపల, గడియ వేసుకుని, కుర్చీ కిర్రుమంటే వినబడుతుందేమోనని కదలకుండా కూర్చున్నాను. పద్నాలుగేళ్ళప్పుడు చచ్చిన బిడ్డను చేతుల్లో పెట్టుకుని అరుగు మీదికి నడిచిన దాన్ని, ఇరవై ఎనిమిదేళ్ళకు ఒక తల్లి ముందుకు పోయి నిలబడలేకపోయాను.

ఇప్పుడు మోకలో ఆసుపత్రి ఉంది. ఫోను చేస్తే బండి వస్తుంది. పద్నాలుగేళ్ళ పిల్లను ఎవరూ కాన్పు గదిలోకి నెట్టరు, నెడితే ఊరుకోరు. భయమంటే పిల్లల్ని దగ్గరకు తీసుకుంటారు, మాట్లాడిస్తారు, కొంచెం కొంచెంగా ముందుకు నడిపిస్తారు. అట్లా పెరిగిన పిల్లలు మెత్తనివాళ్ళని నా వయసువాళ్ళు అంటుంటారు. నేను అనలేను. అత్త నన్ను బయటికి నెట్టకపోతే నేను ఎక్కడో ఒక మూల, ఎవరి కుచ్చిళ్ళలోనో ముఖం దాచుకుని బతికేదాన్ని, అది నిజం. హనుమక్క చనిపోయేది, అదీ నిజం. కానీ ఒకరిని నిలబెట్టిన దెబ్బే ఇంకొకరిని పడగొడుతుందని అత్తకు తెలియదు. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

ఉద్యోగం మానేశాక ఒకసారి సిరుగుప్ప దాకా పోయాను. బస్టాండులో దిగి, అంగట్లో టీ తాగి, ఆ తల్లి ఉంటే ఏమని మొదలుపెట్టాలో, తాయమ్మే ఎదురైతే ఏమనాలో మనసులో వల్లె వేసుకున్నాను. కెంచనగుడ్డకు పోయే బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. జనం ఎక్కారు. కండక్టరు తలుపు పట్టుకుని, "ఎక్కుతావా అవ్వా? తావుండాది" అన్నాడు. నేను ఎక్కలేదు. అతను ఇంకోసారి అడిగి, ఈల ఊదాడు. తాయమ్మ మళ్ళీ మాట్లాడిందో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు.